ఉద్యోగస్తులకు నడక, భోజనం: నాలుగు రోజులకే ఆగిపోకుండా ఉండాలంటే

షుగరు క్లినిక్కుకి వచ్చే ఉద్యోగస్తులకు "రోజూ నడవండి, అన్నం తగ్గించండి" అని చెప్పని రోజు ఉండదు. వారు వినరని కాదు. చాలామంది వింటారు, మొదలుపెడతారు కూడా. జనవరి ఒకటో తారీఖున కొత్త బూట్లు కొని, తెల్లవారుజామున ఐదింటికి లేచి గంటసేపు నడుస్తారు. అన్నం పూర్తిగా మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటారు. రెండు వారాలు తిరిగేసరికి సంక్రాంతి వస్తుంది, చుట్టాలు వస్తారు, అరిసెలు వస్తాయి. నడక నాలుగు రోజులు ఆగుతుంది. ఆ తర్వాత బూట్లు గుమ్మం పక్కన అలాగే ఉండిపోతాయి. మూడు నెలలకు మళ్ళీ ఓ.పి.కి వచ్చినప్పుడు "మొదలుపెట్టాను సిస్టర్, డ్యూటీతో కుదరలేదు" అంటారు.

ఈ పాఠం వారి కోసమే. ఏమి చేయాలో మీకు ఇప్పటికే చాలావరకు తెలుసు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు అన్నీ ఉన్న మనిషికి అది ఏళ్ళ తరబడి ఎలా నిలుస్తుందో ఇక్కడ చూద్దాం.

ఎందుకు ఇంత పట్టుపట్టి చెబుతున్నాము?

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో దేశమంతటా జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో, అంటే షుగరు మామూలు కంటే ఎక్కువగానూ, జబ్బు అనదగినంత కంటే తక్కువగానూ ఉన్న స్థితిలో ఉన్నారు. రక్తపోటు పెద్దవారిలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా ఉంది.

అంకెలు అలా ఉంచండి. మేల్ మెడికల్ వార్డులో పక్షవాతంతో చేరే 45, 50 ఏళ్ళ వారిలో కొందరికి తమకు బి.పి. ఉందని తెలిసేది ఆ రోజే. కుడి చేయి పడిపోయిన మనిషి లారీ నడపలేడు, నల్లబల్ల మీద రాయలేడు, బట్ట కత్తిరించలేడు. ఇంట్లో అప్పటికి ఒక పిల్ల ఇంటర్మీడియెట్ చదువుతూ ఉంటుంది. మందుల ఖర్చు కంటే ఆగిపోయిన జీతమే ఆ కుటుంబాన్ని ముందుగా కుంగదీస్తుంది.

దీన్ని ఆపడం సాధ్యమేనా అంటే, కొంతవరకు తప్పకుండా సాధ్యమే. చెన్నైలో జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. అందులో పాల్గొన్న 531 మంది మనలాంటి వారే: 35 నుండి 55 ఏళ్ళ వయసులో, ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ, షుగరు గుమ్మం దగ్గర ఉన్నవారు. మామూలు సలహా మాత్రమే పొందినవారిలో మూడేళ్ళలో నూటికి 55 మంది షుగరు రోగులయ్యారు. రోజుకు అరగంట చురుకుగా నడవమని, తీపి, నూనె, తెల్ల అన్నం తగ్గించి పీచు ఉన్న ఆహారం తినమని పదేపదే వెంటపడి చెప్పిన వారిలో ఆ సంఖ్య 39. మరో సంగతి, ఈ రెండో గుంపువారి బరువు పెద్దగా తగ్గనేలేదు. అయినా జబ్బు తగ్గింది. కనుక నెల రోజులు నడిచినా తూకం ముల్లు కదలలేదని నిరాశపడి మానేయవద్దు. ముల్లు కదలకపోయినా లోపల పని జరుగుతూనే ఉంటుంది.

నడక ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పేది వారానికి 150 నుండి 300 నిమిషాలు, మధ్యస్థంగా ఒళ్ళు అలిసే పని. కనీసం అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. పూర్వం ఒక్కోసారి పది నిమిషాలకు తగ్గకుండా చేస్తేనే లెక్కలోకి వస్తుందని చెప్పేవారు. 2020లో ఆ షరతు తీసివేశారు. బస్టాపు దాకా ఎనిమిది నిమిషాలు నడిచినా, మూడో అంతస్తుకు లిఫ్టు వదిలి మెట్లెక్కినా లెక్కే.

"రోజంతా నిలబడే ఉంటాను కదా సిస్టర్, ఇంటి పనంతా నేనే చేస్తాను కదా, ఇంకా వ్యాయామం ఎందుకు?" అని స్త్రీలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పని చేస్తున్నప్పుడు పక్కనున్నవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంతగా ఊపిరి వేగం పెరగాలి. బావిలో నీళ్ళు తోడటం, బట్టలు ఉతకడం, ఇల్లు వంగి తుడవడం ఈ పరీక్షలో నెగ్గుతాయి. పొయ్యి దగ్గర నిలబడటం, మిక్సీ వేయడం నెగ్గవు. కాళ్ళు లాగుతాయి గానీ గుండెకు పని ఉండదు. మన అమ్మమ్మలు రోట్లో రుబ్బారు, మనం స్విచ్ నొక్కుతున్నాం. తిండి మాత్రం వారు తిన్నంతే తింటున్నాం.

ఉద్యోగంలోనే ఉన్న కదలిక ఎంత విలువైనదో 1953లో లండనులో డాక్టర్ జెరీ మోరిస్ బృందం బస్సు సిబ్బంది మీద చూపించింది. రెండంతస్తుల బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, రోజంతా మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువగా వచ్చాయి. ఇద్దరిదీ ఒకే డిపో, ఒకే బస్సు. కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్నవారు గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలని చెప్పేది ఇందుకే. మంచినీళ్ళ సీసా బల్ల మీద పెట్టుకోకుండా దూరంగా పెట్టుకుంటే లేవక తప్పదు.

దేనికి ముడివేయాలి?

"ఖాళీ దొరికినప్పుడు నడుస్తాను" అన్నవారికి ఖాళీ ఎప్పుడూ దొరకదు. నడకను రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి ముడివేయాలి. స్కూలు టీచరుకు అది చివరి గంట కావచ్చు: గంట కొట్టగానే స్టాఫ్ రూములో కూర్చోకుండా మైదానం చుట్టూ ఆరు చుట్లు. బ్యాంకు గుమాస్తాకు మధ్యాహ్న భోజనం తర్వాత పది నిమిషాలు, ఇంటికి వచ్చేటప్పుడు రెండు స్టాపుల ముందే దిగి ఇంకో పదిహేను నిమిషాలు. టైలరుకు కరెంటు కోత వేళ. భోజనం తర్వాతి నడకకు ఒక అదనపు లాభం ఉంది: తిన్న వెంటనే పెరిగే షుగరును పనిచేస్తున్న కాళ్ళ కండరాలు వాడుకుంటాయి.

తెల్లవారుజామునే నడవాలనే పట్టింపు పెట్టుకోవద్దు. స్త్రీలకు చీకట్లో రోడ్డు మీద నడవడం ఎంత ఇబ్బందో, వీధి కుక్కలు ఎలా వెంటపడతాయో తెలిసినదే. ఆ వేళ పిల్లల క్యారేజీల పని కూడా ఉంటుంది. డాబా మీద అటూ ఇటూ నడిచినా అంతే ఫలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదిరాక మాత్రం బయట నడవవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతాను. మీ అలవాటును మంచి రోజును చూసి కొలవకండి, చెడ్డ రోజును చూసి కొలవండి. ఆడిట్ జరుగుతున్న రోజు, బిడ్డకు జ్వరం వచ్చిన రోజు, డబుల్ డ్యూటీ పడిన రోజు కూడా మీరు చేయగలిగింది ఎంత? పది నిమిషాలా? అయితే అదే మీ కనీసం. మిగతా రోజుల్లో నలభై నిమిషాలు చేయండి, సంతోషం. కానీ ఆ పది నిమిషాలు మాత్రం పోనివ్వకండి. గంట నడవలేని రోజున అసలే నడవనివారు త్వరలోనే పూర్తిగా మానేస్తారు. పది నిమిషాలైనా నడిచినవారు మర్నాడు మళ్ళీ బయలుదేరతారు.

అది కూడా తప్పిన రోజు రావచ్చు. లండనులోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 96 మంది తలా ఒక చిన్న పని ఎంచుకుని, దాన్ని రోజువారీ పని ఒకదానికి జోడించి చేస్తూ వచ్చారు. అది అలవాటుగా మారడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల పెద్ద నష్టం జరగలేదు. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడుతుందని ఎవరో చెప్పగా విని, ఇరవై రెండో రోజున కూడా కష్టంగానే ఉంటే తనలో లోపమేమో అనుకునేవారు ఇది గమనించగలరు.

వారానికి రెండు రోజులు కండరాలకు కూడా పని చెప్పాలి. జిమ్ము అక్కరలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి తోయడం, మడమలు ఎత్తి దించడం చాలు. ముప్పై దాటాక కండ మెల్లగా తరగడం మొదలవుతుంది. దాన్ని కాపాడుకున్నవారి మోకాళ్ళు అరవైల్లోనూ మాట వింటాయి.

భోజనం: కంచం దగ్గర కాదు, కిరాణా కొట్టు దగ్గర

జీతం వచ్చిన వారంలో నెల సరుకులు తెచ్చుకుంటాం. ఆ నెలంతా ఇంట్లో ఏమి తింటారో ఆ చీటీలోనే తేలిపోతుంది. వండి వడ్డించాక కంచం ముందు నిగ్రహం చూపడం కష్టం. కొనని వస్తువును తినకుండా ఉండటం సులువు. అందుకని లెక్కను చీటీలోకి తెచ్చుకుందాం.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. 2000 కేలరీల ఆహారానికి వారు చెప్పిన రోజు లెక్క ఇది: బియ్యం, గోధుమలు, రాగులు వంటి ధాన్యాలు పచ్చివి 250 గ్రాములు, పప్పులు లేదా వాటికి బదులుగా గుడ్లు, చేపలు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశెనగ, నువ్వులు వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు.

నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి దీన్ని నెలకు హెచ్చించి చూడండి. బియ్యం, ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, గోధుమపిండి అన్నీ కలిపి 30 కిలోలు. నూనె మూడున్నర లీటర్లు. పప్పులు, గుడ్లు, చేపలు అన్నీ కలిపి 10 కిలోలు. ఇప్పుడు మీ కిరాణా చీటీ తీసి పక్కన పెట్టండి. నేను చూసిన చాలా ఇళ్ళలో బియ్యం, నూనె ఈ లెక్క దాటుతాయి, పప్పు అందులో సగానికి కూడా రాదు. చారు, పచ్చడి, అన్నం ఎక్కువై, పప్పూ కూరా తక్కువైన భోజనం మనది. అన్నం మానమని నేను చెప్పను. తెలుగువాడికి అన్నం మానిపిస్తే నెల తిరగకుండా మళ్ళీ మొదలుపెడతాడు, ఈసారి ఇంకో రెండు ముద్దలు ఎక్కువగా. ముందు కూర, పప్పు వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. రోజూ నాలుగు గరిటెలు తినేవారు మొదటి నెల మూడుకు రండి. రాత్రిపూట వారానికి రెండుసార్లు జొన్నరొట్టెగానీ, రాగి సంగటిగానీ తినండి. కానీ సంగటైనా కొలత ప్రకారమే. రాగి అయితే ఎంత తిన్నా పరవాలేదనే అపోహ ఉంది. అది నిజం కాదు.

నూనె ప్యాకెట్టు విప్పిన రోజున దాని మీద తారీఖు రాయండి. నలుగురున్న ఇంట్లో లీటరు ప్యాకెట్టు ఎనిమిది, తొమ్మిది రోజులు రావాలి. నాలుగు రోజులకే అయిపోతుంటే అది ఎక్కడ పోతుందో వంట చేసేవారికే తెలుస్తుంది. ఉప్పు కూడా అంతే. మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు, అంటే ఒక టీ చెంచా. కిలో ప్యాకెట్టు ఆ నలుగురికి 50 రోజులు రావాలి. ఊరగాయ, అప్పడాలు, బయట తినే మిక్చరులో ఉన్న ఉప్పు దీనికి అదనం. బి.పి. ఉన్నవారు ఆవకాయను ఆదివారానికి ఉంచుకోవడం మంచిది.

టీ సంగతి విడిగా చెప్పాలి. ఆఫీసులో రోజుకు ఐదు టీలు మామూలే. ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార అంటే మొత్తం 50 గ్రాములు, 200 కేలరీలు. అదనపు పంచదార కేలరీల్లో పదో వంతుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2000 కేలరీలు తినే మనిషికి ఆ హద్దు సరిగ్గా 50 గ్రాములే. అంటే టీలతోనే కోటా అయిపోయింది, బిస్కెట్టు ఇంకా లెక్కలోకే రాలేదు. రెండు చెంచాల నుంచి ఒకటిన్నరకు, ఒక నెల తర్వాత ఒకటికి రండి. నాలుక మెల్లగా అలవాటు పడుతుంది. ఒకేసారి మానినవారే ఎక్కువగా వెనక్కి వెళ్తారు.

ఇంటి ఇల్లాలికి ఒక మాట. అందరూ తిన్నాక, మిగిలిన అన్నం పారేయడానికి మనసొప్పక కూరలేకుండా మజ్జిగతో ఆ రెండు గరిటెలూ తినేస్తారు. ఉద్యోగం చేసే స్త్రీలు కూడా ఇలాగే చేస్తారు, అదీ రాత్రి పదింటికి. మీ వాటా కూర ముందే తీసి పక్కన పెట్టుకోండి. మిగిలిన అన్నం ఉదయం పోపు పెట్టుకోవచ్చు, లేదా మర్నాడు ఒక సోలెడు బియ్యం తక్కువ పోయవచ్చు. మీ పొట్ట చెత్తబుట్ట కాదు.

పెళ్ళిళ్ళు, పండుగలు వచ్చినప్పుడు కొలతలు తప్పుతాయి. తప్పనివ్వండి. విందుకు ముందు పస్తు ఉండకండి, మర్నాడు శిక్షగా కడుపు మాడ్చుకోకండి. తర్వాతి పూట భోజనం మామూలుగా ఉంటే చాలు.

రాత్రి డ్యూటీ చేసేవారు

నర్సులు, వాచ్‌మెన్లు, ఫ్యాక్టరీ కార్మికులు, డ్రైవర్లు ఈ భాగం శ్రద్ధగా చదవాలి. అర్ధరాత్రి తిన్న అన్నాన్ని శరీరం పగటిపూట తిన్నంత బాగా సర్దుకోలేదు, అదే అన్నానికి షుగరు ఎక్కువ పెరుగుతుంది. కనుక అసలు భోజనం డ్యూటీకి వెళ్ళే ముందే ముగించండి. రాత్రి ఆకలివేస్తే ఉడికించిన శెనగలు, గుడ్డు, మజ్జిగ, జామకాయ వంటివి క్యారేజీలో తీసుకువెళ్ళండి. లేకపోతే ఒంటిగంటకు గేటు ముందున్న బజ్జీల బండే గతి. టీ రాత్రి రెండు తర్వాత ఆపితేనే పగలు నిద్ర పడుతుంది. ఇంటికి రాగానే తేలికగా తిని, కిటికీకి నల్లటి దుప్పటి కట్టి పడుకోండి. నడక నిద్ర లేచాక, తిరిగి డ్యూటీకి వెళ్ళే ముందు. నిద్ర చాలని మనిషికి ఆకలి ఎక్కువ, తీపి మీద యావ ఎక్కువ. కాబట్టి ఎదిగిన పిల్లలున్న ఇళ్ళలో "అమ్మ నైట్ చేసి వచ్చింది, టీవీ తగ్గించండి" అని నాన్నగారు చెప్పడం కూడా చికిత్సలో భాగమే.

మొదలుపెట్టే ముందు

నడిచేటప్పుడు గుండెలో బరువు, ఎడమ చేతికిగానీ దవడకుగానీ పాకే నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆగి ఆసుపత్రికి రండి. బి.పి. 180/110 దగ్గర ఉన్నవారు ముందు డాక్టరుగారిని కలిసి అది తగ్గాకే చురుకు నడక మొదలుపెట్టాలి. ఇన్సులిన్ లేదా గ్లైమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో ఎక్కువసేపు నడవకూడదు. జేబులో పంచదార పొట్లం ఉండాలి. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి వస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి కూర్చోండి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవవద్దు. ఇంటికి వచ్చి అరికాళ్ళు, వేళ్ళ మధ్య చూసుకోండి.

మూడు నెలలకొకసారి టేపుతో నడుము కొలిచి క్యాలెండరు మీద రాసుకోండి. మన దేశంలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. 30 ఏళ్ళు నిండినవారికి బి.పి., షుగరు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రాల్లోనూ ఉచితంగా చేస్తారు. పరగడుపు రక్తపరీక్షకు వచ్చేవారు ముందురోజు రాత్రి తొమ్మిదిలోగా భోజనం ముగించి, ఉదయం టీ కూడా తాగకుండా రావాలి. మంచినీళ్ళు తాగవచ్చు. షుగరు మాత్ర, ఇన్సులిన్ రక్తం ఇచ్చాక టిఫినుతో తీసుకోవాలి. బి.పి. మాత్ర మాత్రం మామూలు వేళకే మంచినీళ్ళతో వేసుకుని రండి. టిఫిను వెంట తెచ్చుకుంటే లైనులో నీరసపడకుండా ఉంటారు.